తెల్ల ఆవిరి ఆగిన ఏడు

మొన్న బస్సులో సింగరాయకొండ వెళ్తుంటే, రోడ్డు పక్క ఫ్యాక్టరీ గొట్టం నుంచి తెల్లటి ఆవిరి దట్టంగా లేస్తోంది. నా పక్కన కూర్చున్నావిడ ఠక్కున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను. నా ఈడువాళ్ళు నవ్వుకున్నా సరే, ఆ తెల్లదనం కనబడకపోతేనే నా గుండెల్లో రాయి పడుతుంది.

చదువు అవగానే మా ఊరి పక్కనే, గంధకం కాల్చే ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం దొరికింది. నా పని స్క్రబ్బరు చూసుకోవడం, అంటే పొగను బయటికి వదిలే ముందు నీళ్ళతో కడిగే యంత్రాన్నన్నమాట. అందులో రకాలున్నాయి. ముతక దుమ్ముకి పైనుంచి జల్లు కురిపించే టవరు చాలు. మరీ సన్నటి దుమ్మయితే పొగను ఇరుకు గొంతులోంచి వడిగా లాగి నీళ్ళతో కొట్టించాలి. మాది కంటికి కనబడని ఘాటు వాయువు కాబట్టి, టవరు నిండా ప్లాస్టిక్ రింగులు పోసి వాటి మీదుగా సోడా కలిపిన నీళ్ళు పారించేవాళ్ళం. ఘాటంతా ఆ నీళ్ళలోనే కరిగి ఉండిపోయేది, తడిసిన వేడి పొగ తెల్లని ఆవిరితో కలిసి పైకి పోయేది.

ఆ ఆవిరే మా కొంప ముంచింది. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో ఆ తేమ దిగి కాయ రంగు పోతోందని రైతులు గొడవకొచ్చారు. అందరికంటే ముందు నడిచింది మా నాన్నే. యజమానికి కావలసిందీ అదే. కరెంటూ సోడా మిగులుతాయని టవరుకి నీళ్ళు తోడే పంపు ఆపించేశాడు. మర్నాటికి గొట్టం మీద ఆకాశం తేటగా కనిపించి ఊరంతా సంబరపడింది. వాయువు మాత్రం కడగకుండానే బయటికి పోతోంది. పంపు వేయమని నేను పోట్లాడితే, మీ నాన్నగారినే అడగవయ్యా అని యజమాని నవ్వాడు.

నాన్ననీ అడిగాను, బతిమాలాను.

“పొగే లేకపోతే విషమెక్కడిదిరా? నాకు కళ్ళు లేవనుకున్నావా?” అని కసిరి, దుప్పటి భుజాన వేసుకుని కళ్ళం కాపలాకి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు కాయ నిగనిగలాడుతూ ఆరింది. నాన్నకు దగ్గు పట్టుకుంది. మిరప ఘాటేలే అనేవాడు. పంట యార్డుకి చేరేసరికి నాలుగడుగులేస్తే ఆయాసం. మరుసటి ఏటి కళ్ళానికి నాన్న లేడు. పంపు వేయమని అప్పుడు కూడా ఊళ్ళో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు కళ్ళాలకి టార్పాలిన్లు వచ్చాయి, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పొగలో ఏ వాయువు ఎంతుందో అంకెల్లో వెలిగే బోర్డులొచ్చాయి. ఇదంతా పక్కావిడకి చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఇంకో ఫ్యాక్టరీ వచ్చింది. గొట్టం మీద ఏమీ లేదు, తేటగా ఆకాశం. దాని పంపు నడుస్తోందో లేదో నాకు తెలియదు. ఆవిడ కొంగు తీసి, కిటికీ అద్దం జరిపి, హాయిగా గుండెల నిండా గాలి పీల్చుకుంది.