పాలపిట్ట ముందుగా మా అరుగుకే

ఊళ్లో మా ఇల్లు ఎక్కడని అడిగితే ఇప్పుడు పురుగుమందుల కొట్టు దగ్గర అని చెబుతారు. అసలు కొట్టే మా ఇంట్లో ఉంది. తాతగారు కూర్చుని తగవులు తీర్చిన ముందు సావిడిని అద్దెకిచ్చి, వెనక రెండు గదుల్లో నేను ఉంటున్నాను. అరుగును మాత్రం అద్దెలో కలపలేదు. మందు డబ్బాలు అరుగు మీద పెట్టకూడదని, దసరా రోజు పొద్దున షట్టరు తీయకూడదని కొట్టు యజమానికి మొదటే చెప్పాను. అతను నవ్వి సరేనన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మేలు జరుగుతుందని మా వైపు నమ్మకం. కొందరు పొలాల వెంట తిరిగి చూసి వస్తారు. మా ఊళ్లో పిట్టలు పట్టేవాడు దాన్ని పంజరంలో పెట్టి బజారు బజారుకూ తెస్తాడు. ముందుగా మా అరుగు దగ్గర ఆగుతాడు. మా ఇంటి పెద్ద చేతులు జోడించాకే మిగతా ఊరు చూస్తుంది. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. మాగాణి పోయింది, మెట్ట పోయింది, ఇదొక్కటి మిగిలింది.

కిందటేడు అదీ తప్పింది. ఇస్త్రీ పంచె కట్టుకుని పొద్దుటి నుంచి అరుగు మీద నిలబడ్డాను. పిట్టలవాడు మధ్యాహ్నానికి వట్టి పంజరంతో వచ్చి, ఎంత తిరిగినా దొరకలేదన్నాడు. పక్క బజారులోని మిర్చి కమీషను వ్యాపారి మాత్రం మనవల్ని కారెక్కించుకుని సత్తెనపల్లి దాకా వెళ్లి, కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను చూసి వచ్చాడట. ఆయన చూశాడు, నేను చూడలేదు. అది ముల్లులా దిగబడిపోయింది. అందుకే ఈసారి వినాయక చవితి దాటగానే పిట్టలవాడికి కబురు చేశాను. ఏం చేస్తావో నాకు తెలియదు, పండగ పూట మా అరుగు ముందు పాలపిట్ట ఉండాలని.

మా చెల్లెలు గుంటూరులో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయింది. పండక్కి ముందు రోజే వచ్చింది. సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చున్నప్పుడు నాన్నగారి మాట వచ్చింది.

నాన్నగారు జీవరాశినంతా నాలుగు రకాలు చేసేవారు. మనం తినేవి, మనల్ని తినేవి, మన పంటను తినేవి, మనం దణ్ణం పెట్టేవి. చిన్నప్పుడు చెల్లెలు తూనీగను పట్టుకొచ్చి, ఇది ఎందులోకి వస్తుందని అడిగి తిట్లు తింది. ఎందులోకీ రానివాటిని ఆయన అసలు లెక్కలోకి తీసుకునేవారు కాదు. నిజం చెప్పాలంటే మనుషుల్నీ అలాగే చూసేవారు. అరుగు ఎక్కేవాళ్లు, మెట్టు దగ్గర ఆగేవాళ్లు, బజార్లోనే నిలబడి మాట్లాడేవాళ్లు. ఆ తేడాలు నాకూ నోటికి వచ్చు.

"పాఠంలో మనిషికి పనికొస్తుందా అనే ప్రశ్నే ఉండదు అన్నయ్యా," అంది చెల్లెలు. "వెన్నెముక ఉందా, ఈకలున్నాయా, ఎముకల అమరిక ఎలా ఉంది, దేనితో దేనికి చుట్టరికం, ఇవీ చూస్తాం. వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, అలా దిగుతూ దిగుతూ జాతి దగ్గర ఆగుతాం. ఆ జాతి ఒకసారి పోయిందంటే మళ్లీ పుట్టించేవాడు లేడు."

"పాలపిట్టకేం, దణ్ణం పెట్టేదాన్ని ఎవడు ముట్టుకుంటాడు?"

"పురుగుల్ని తిని బతుకుతుంది. పత్తికీ మిర్చికీ వారానికోసారి మందు కొడితే దానికి పురుగేది? ఎండిపోయిన తాడి మోడు తొర్రలో గుడ్లు పెడుతుంది. మోళ్లన్నీ కొట్టేశారు. ఇంకా అంతరించిపోలేదు కానీ తగ్గిపోతోంది. మిగిలినవాటిని దసరాకు మనం పట్టిస్తాం. పట్టడం నేరం, తెలుసుగా?"

"మనింటికి తేవడం ఆచారం."

"అటవీశాఖ వాళ్లొస్తే ఆ మాటే చెప్పు. అరుగు మీద కుర్చీ వేసి మరీ చెప్పు."

మా వెనక షట్టరు సందులోంచి మందు వాసన వస్తోంది. ఆ మందు మా సావిట్లోంచే పొలాలకు వెళుతుంది. ఆ అద్దెతోనే నా పంచె ఇస్త్రీ అవుతుంది.

పొద్దున పిట్టలవాడు చెప్పిన వేళకే వచ్చాడు. పంజరం మీద ఎర్రగుడ్డ కప్పి ఉంది. అరుగు ముందు ఓ పదిమంది చేరారు. ఎదురింటి ముసలామె అందరికంటే ముందు నిలబడింది. ఆమె పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ఏ దసరాకూ తప్పలేదు.

వాడు గుడ్డ తీశాడు.

బారెడు దూరంలో ఉంది. ఎర్రటి లావుపాటి ముక్కు, ఇటుకరంగు తల, తెల్లటి రొమ్ము. రెక్కలు దారంతో కట్టేసి ఉన్నాయి. వీపు మాత్రం నీలంగా ఉంది. అది లకుముకి పిట్ట. కాలవ గట్టు మీద రోజూ కనిపించేదే. పాలపిట్టకు ముక్కు నల్లగా ఉంటుందని, రొమ్ము మట్టిరంగులో ఉంటుందని, రెక్క విప్పితే తప్ప నీలం సరిగా కనిపించదని మా ఊళ్లో ఎవరికి తెలియదు?

పిట్టలవాడు నా ముఖంలోకి చూడలేదు. జనం చూస్తున్నారు. ఇది కాదంటే ఈ ఏడూ మా అరుగు ఖాళీ. నేను చేతులు జోడించాను.

చెల్లెలు నా చెవి దగ్గరకు వచ్చింది. "అన్నయ్యా, అది..."

"పాలపిట్టే," అన్నాను, అందరికీ వినపడేలా.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత ముసలామె చేతులు జోడించింది. ఆమె వెనక మిగతావాళ్లు. పిట్టలవాడు గుడ్డ కప్పేసి పంజరం ఎత్తుకున్నాడు.

"దాన్ని వదిలెయ్ బాబూ, చూడ్డం అయిపోయిందిగా," అంది చెల్లెలు.

"ఇంకా రెండు బజార్లు తిరగాలమ్మా. బాబుగారు చూశారుగా, ఇంక అందరూ చూస్తారు."

వదిలించాలంటే అది పాలపిట్ట కాదని నేనే చెప్పాలి. చెప్పలేదు. నా మాట పట్టుకుని వాడు ఊరంతా తిరిగాడు.

చెల్లెలు నా వెనకే లోపలికి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి అంది. "రెండూ ఒకే క్రమం, కుటుంబాలే వేరు. దగ్గర చుట్టాలే. అందుకని ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టేస్తే, మొదటిది పోయిన సంగతి ఎవరికీ తెలియదు. పంజరంలో ఏదో ఒకటి ఉంటుంది. దణ్ణం పెడుతూనే ఉంటారు."

సాయంత్రం పిట్టలవాడు వట్టి పంజరంతో మా ఇంటి మీదుగా వెళుతుంటే పిలిచాను. వదిలేశావా అని అడిగాను.

"చచ్చిపోయిందండి. ఎండకు తట్టుకోలేదు." తల గోక్కున్నాడు. "పాలపిట్ట కోసం నెల రోజులుగా తిరుగుతూనే ఉన్నానండి. మీరు అంత గట్టిగా చెప్పి పంపారు. లేదని మళ్లీ ఎట్టా వచ్చేది?"

వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. వాడు నేను అడిగింది తెచ్చాడు. నేను అడిగింది పిట్టను కాదు.

మర్నాడు షట్టరు తీయకముందే వీధి దాటి ఎదురింటికి వెళ్లాను. మా ఇంట్లోంచి ఎవరైనా ఆ గడప దాకా వెళ్లడం నేనెరగను. ముసలామె కంగారుపడి కుర్చీ లాగబోయింది. వద్దని, నిలబడే చెప్పాను.

"నిన్న మీరు చూసింది పాలపిట్ట కాదు."

"ఎరుగుదును బాబూ. లకుముకే కదా."

"మరి దణ్ణం పెట్టారెందుకు?"

ఆమె కొంగు సవరించుకుంది. "మీరు పెట్టారుగా. కిందటేడు పొద్దుటేళ నుంచి ఆ అరుగు మీద ఒక్కరే నిలబడ్డారు. చూసి మా అందరికీ అదోలా అనిపించింది. ఏదో ఒకటి తెచ్చి చూపించరా అని మేమే వాడితో అన్నాం."

ఆమె మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. తల ఎత్తుకుని జవాబు చెప్పేవాణ్ణి.

తిరిగి వస్తూ పిట్టలవాడి గుడిసె దగ్గర ఆగాను. వచ్చే దసరాకు మా అరుగుకు ఏ పిట్టనూ తేవద్దని చెప్పాను.

"అయితే ముందు కమీషను కొట్టాయన ఇంటికి పోతానండి," అన్నాడు.

ఆ మాటకు నాలో ఎక్కడో చివుక్కుమంది. అప్పుడు కూడా.

"ఎవరింటికీ వద్దు. పట్టనే వద్దు," అన్నాను.

వాడు మర్యాదగానే నవ్వాడు. "అది మీరు చెబితే ఎట్టాగండీ," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి షట్టరు తీసి ఉంది. మందు కోసం వచ్చిన రైతులు నలుగురు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు. కూర్చోమన్నాను.