కందకూర, టముకు, మా మాస్టారు

డాక్టర్ సుబ్బారాయుడు గారు పరమపదించారన్న వార్త పోయిన గురువారం పొద్దున్న నాకు కాకినాడలో, మా లాబులోనే, ఫోనులో అందింది. అప్పుడే గ్లౌజులు తొడుక్కుంటున్నాను. ఒక చేతికి తొడిగి రెండోది మరిచిపోయాను. అనూహ్య మరణం కాదు. పెద్దపేగు క్యాన్సర్ కొన్ని నెలలుగా ఆయన్ని కృశింపజేస్తూనే ఉంది. అయినా మనసు స్థిమితపడటం లేదు. ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చోవడం, లేచి వరండాలో తిరగడం, ఇదే సరిపోతోంది.

ఆయన జీవరసాయన శాస్త్రాచార్యులు, నా గురువు. ఆయన తపస్సంతా ఒక్క ప్రశ్న కోసం. పెద్దపేగులో క్యాన్సర్ ముదరకముందే రక్తంలో దాని జాడ పట్టుకోగలమా? మన ఒంట్లో రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోడానికి కొన్ని ప్రోటీన్లు విడుదల చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్లంటే అవే. ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి వాటిలో కొన్ని పెరుగుతాయి. ఆ పెరుగుదలను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చాలని ఆయన పంతం.

ఆ ప్రోటీన్లు వేడికి నిలవవు. వేసవి కరెంటు కోతల్లో ఫ్రీజరు ఆగిందంటే మాస్టారు స్కూటరు మీద చేపల రేవుకి పరిగెత్తి, ఐసు గడ్డలు గోనెలో చుట్టి తెచ్చేవారు. "ఏం చేపండి ఇయ్యాల, పండుగప్పాండి?" అని ఐసు కొట్టేవాడు అడిగితే, "అంతకంటే ప్రియమైందయ్యా, మనుషుల రక్తం" అనేవారట. లాబంతా చేపల వాసన. మాకు అలవాటైపోయింది.

ఒకసారి భీమవరం వైపునుంచి వచ్చిన ఒక రొయ్యల రైతు రక్తం నమూనా మా పరీక్ష ప్లేటులో చిక్కటి పసుపు రంగుకి తిరిగింది. రంగు ఎంత ముదిరితే ప్రోటీను అంత ఎక్కువన్నమాట. "దొరికింది సార్" అని నేను ఎగిరి గంతేశాను. ఆయన నన్ను ఆస్పత్రి వార్డుకి తీసుకెళ్లి ఆ రైతు పాదం చూపించారు. చెరువులో గాయమై చీము పట్టి ఉంది. పేగు పరీక్షలో ఏమీ లేదు.

"ఈ ప్రోటీను టముకు వేసేవాడి లాంటిదమ్మా. ఊళ్లో ఏదో జరిగిందని చెబుతాడు. ఎవరింట్లోనో వాడికేం తెలుసు? మనం వెళ్లి తలుపు తట్టాలి" అన్నారు.

తలుపు తట్టడమంటే పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం. జనం దానికి సిగ్గుపడేవారు. విరేచనంలో రక్తం పడితే మొలలని తేల్చేసుకుని, మన వైపు వాడుకే కదా, కంద వండుకు తినేవారు. "మొలలో కాదో మీకు మీరే చెప్పేసుకోకండి. కంద కూరకి బావుంటుంది, రోగానికి కాదు" అని మాస్టారు ఎంతమందిని కసిరారో.

పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలి. మా లాబు ఆచారం ప్రకారం మేమే చేతులు చాపేవాళ్లం, అందరికంటే ముందు మాస్టారు. ఒక దఫా ఆ ఆరోగ్యవంతుల వరసలో ఒక్క నమూనా పసుపెక్కింది. ఆయనదే. మళ్లీ చేశాం, మళ్లీ అంతే.

"నాకు జలుబమ్మా. తీసెయ్, లెక్క పాడవుతుంది."

"తగ్గాక ఇంకోసారి ఇవ్వండి సార్."

"ఇస్తాలే" అన్నారు. అడిగినప్పుడల్లా అదే మాట.

ఆ రోజుల్లోనే ఆయన క్యారియర్లో రోజూ కంద వచ్చేది. కంద బచ్చలి, కంద వేపుడు, కంద పులుసు. "ఏంటండీ సార్, కంద తోట కొన్నారా?" అని ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి మూత పెట్టేసేవారు.

రోగం బయటపడేసరికి అది కాలేయానికి పాకింది. ఆస్పత్రికి వెళితే ఆయన భార్య కామేశ్వరి గారు నన్ను పక్కకి పిలిచారు. "ఎప్పట్నుంచో రక్తం పడుతోందటమ్మా. మొలలే, కంద వండు అనేవారు. డాక్టరే అలా అంటుంటే నేనేం చెప్పను?"

ఉండబట్టలేక ఆయన్నే అడిగాను. "సార్, ఆ రోజు ఆ పసుపు..."

"దాని మీద సిద్ధాంతం కట్టకు. జలుబే అయ్యుండొచ్చు. ఒక్కడి రక్తం సాక్ష్యం కాదని నీకు నేనే కదా చెప్పాను." కళ్లు మూసుకున్నారు. "కానీ తలుపు తట్టాల్సింది" అన్నారు.

ఆయన మీద నాకు కోపంగా ఉంది. ఊరందరికీ చెప్పిన మాట తన దాకా వచ్చేసరికి ఏమైంది? చెప్పేవాడికి వినేవాడు లోకువంటే ఇదే కాబోలు. ఆ పసుపు జలుబుదో, క్యాన్సరుదో ఇక ఎవరం తేల్చలేం. ఆయన నేర్పిన శాస్త్రమే తెలియదని ఒప్పుకోమంటోంది, మనసు ఒప్పుకోవడం లేదు. అంతటి జ్ఞాననిధిని, మాకు పితృసమానుణ్ణి పోగొట్టుకున్న లోటు తీరేది కాదు. మొన్న ప్లేటు పెడుతూ ఆరోగ్యవంతుల వరసలో మొదటి చోటు ఎవరికివ్వాలో తెలియక అలాగే నిలబడిపోయాను.

ఇప్పుడు రక్తం ఇవ్వడానికి వచ్చినవారిని ముందు ఒకటే అడుగుతున్నాను: "ఈ మధ్య ఇంట్లో కంద ఎక్కువగా వండుతున్నారాండి?" చాలామంది నవ్వుతారు. నిన్న పెద్దాపురం నుంచి వచ్చిన ఒకాయన నవ్వలేదు, తల దించుకున్నారు. నేనే దగ్గరుండి కెమెరా పరీక్షకి తీసుకెళ్లాను.

మాస్టారూ, తలుపు తట్టానండి.