ఆమె కొలత తీసిన ఇంజిన్

మా ఆవిడ పోయిన నెలలో చనిపోయింది. మూత్రపిండాల జబ్బు. దగ్గరివాళ్ళకు ఫోన్‌లో చెప్పాను. మిగిలినవాళ్ళకు ఇలా తెలియజేస్తున్నాను.

మున్సిపల్ ఆఫీసులో కాగితం నింపే గుమస్తా ఆమె వృత్తి ఏమిటని అడిగాడు. గృహిణి అన్నాను. రాసుకున్నాడు. మెట్లు దిగుతుంటే తప్పు చెప్పానని తెలిసింది. ఆమె టైలరు. పెళ్ళికి ముందు నుంచి, డయాలసిస్ మొదలయ్యేదాకా కుడుతూనే ఉంది. వెనక్కి వెళ్ళి దిద్దించే ఓపిక లేకపోయింది. అందుకని ఇది రాస్తున్నాను.

మాది కడప జిల్లా. కువైట్‌లో నేను సబ్హాన్‌లోని ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపర్‌ని. ఆమె సాల్మియాలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసేది. మనిషి ఎదురైతే ముందు భుజాలు చూసేది, తర్వాతే ముఖం. పేర్లు గుర్తుండేవి కావు. "కుడి భుజం దిగినాయప్ప వచ్చినాడు" అని చెప్పేది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేది. ఎంత చిన్న రవికైనా ముందు కాగితం మీద కోసేది. నేను తొందరపెడితే, "కాగితం పాడైతే ఇంకో కాగితం. గుడ్డ పాడైతే ఎవరో ఒకరు ఏడుస్తారు" అనేది.

1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆమెకు ఏడో నెల. అంతకుముందు ఏడాది ఒక గర్భం నిలవలేదు. ఈసారి కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఆ డాక్టరమ్మే అప్పటికి దేశం విడిచి వెళ్ళిపోయింది. సాల్మియాలో కాల్పులు ఎక్కువయ్యాయని మేము వర్క్‌షాపు వెనక గదిలోకి మారాం. మనవాళ్ళంతా బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు పోతున్నారు. మేమూ ఒక బస్సు దగ్గరికి వెళ్ళాం. కిటికీల్లోంచి కాళ్ళు వేలాడుతున్నాయి. ఆమె తలుపు దాకా వెళ్ళి, లోపలికి చూసి, తిరిగి వచ్చింది.

"ఇట్లా పోతే ఈ బిడ్డ కూడా దక్కదు. వేరే దారి చూడు," అంది.

వర్క్‌షాపులో మిగిలినవి రెండు బండ్లు. ఒకటి మా కఫీల్‌ది, అంటే మాకు వీసా ఇచ్చిన కువైటీ యజమానిది, పాత అమెరికన్ కారు. రెండు తలుపులు, పొడవాటి ముక్కు, మీద నల్ల చారలు. ఇంజిన్ పట్టేసి ఉంది. నడవదు కాబట్టే సైనికులు వదిలేశారు. రెండోది జపాన్ పికప్. ఇంజిన్ బంగారం, గేర్‌బాక్స్ ముక్కలు. కఫీల్ ఎండాకాలానికి విదేశం వెళ్ళి అక్కడే చిక్కుకున్నాడు.

మా మెకానిక్ మేస్త్రీది జగిత్యాల వైపు. ఆమెను చెల్లె అనేవాడు, నన్ను బావ. పికప్ ఇంజిన్ తీసి కారులో పెడదామని నేనంటే తల అడ్డంగా ఊపాడు.

"గా గేర్‌బాక్స్‌కు గీ ఇంజిన్ కూసోదు బావా. కంపెనీలు వేరు, తూట్లు వేరు. అయినా కఫీల్ పాణమంత గా బండి మీదనే. ముట్టుకుంటే నా ఇఖామా ఖలాస్, ఈ దేశంల ఉండనియ్యడు."

"ఇఖామా ఇచ్చే ఆఫీసే లేదు కదన్నా," అంది ఆమె. "ఆయన ఇంజినుకు దుప్పటి కప్పు. ఎందుకు తీసినామో కాగితం రాసి పెట్టు. దొంగలనుకోకూడదు."

"సదివేటోడు ఉండాలె గద."

"ఉంటాడు. నువ్వు రాయి."

రెండింటినీ కలపడానికి మధ్యలో ఒక మందపాటి ఇనుప ప్లేటు కావాలి. ఇంజిన్ బోల్టులకు కొన్ని తూట్లు, గేర్‌బాక్స్ బోల్టులకు కొన్ని. మేస్త్రీ గ్రీజు పూసి కాగితం అద్ది, ఇంజిన్ ముఖానిది ఒక అచ్చు, గేర్‌బాక్స్ ముఖానిది ఒక అచ్చు తీశాడు. రెండింటినీ ప్లేటు మీద పరిచి గుర్తులు పెట్టింది నేను. షట్టరు సగం దించి రెండు రోజులు డ్రిల్లు వేశాడు. బిగించబోతే ఇంజిన్ వైపు కుదిరింది. గేర్‌బాక్స్ వైపు బోల్టులు దిగలేదు. అంత మందం ప్లేటు ఇంకొకటి లేదు.

మేస్త్రీ నేల మీద కూలబడ్డాడు. నేను టేపుతో మళ్ళీ కొలిచాను. కొలతల్లో తేడా లేదు. బీయస్సీ చదివిన నాకు ఏమీ తోచలేదు.

ఆమె గదిలోంచి వచ్చి రెండు కాగితాలనూ బల్ల మీద పెట్టుకుని చూసింది.

"రవికకు రెండూ ఎడం చేతులే కోసినారు కదన్నా."

"ఏం రవిక చెల్లె?"

ఆమె రెండు అరచేతులూ ఎదురెదురుగా కలిపి చూపింది. "ఇవి ఇట్లా కలిసేటివి. రెండు కాగితాలూ ఒకే పక్కకు పరిస్తే ఎట్లా? ఒకదాన్ని బోర్లించాల. కొత్తగా నేర్చుకునేటోళ్ళు చేసే తప్పే ఇది. నేనూ ఒక పెళ్ళి రవికకు చేసినా."

"గా పెండ్లిపిల్ల ఏమన్నది?"

"ఏడ్చింది. నేనూ ఏడ్చినా. మళ్ళీ కోసినా."

గేర్‌బాక్స్ కాగితాన్ని బోర్లించి, వెలుతురుకు పట్టి, వెనక నుంచి ఒక్కో గుర్తుకూ గుండుసూది గుచ్చింది. అదే ప్లేటు మీద, పాత తూట్ల పక్కనే కొత్త తూట్లు వేశాం.

"ఇది ప్లేటు గాదు చెల్లె, జల్లెడ. ఆగుతదంటవా?"

"నీ పని నన్నడిగితే ఎట్లన్నా?"

ప్లేటు ఆగింది, చీలలేదు. ఇంజిన్ పలికిన రోజు మేస్త్రీ సిగ్గుపడ్డాడు. "పులి నోట్ల పిల్లి అరిసినట్టుంది బావా," అన్నాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే. మొన్న మేస్త్రీ ఫోన్ చేశాడు. చెల్లె అన్నాడు. ఆ ఒక్క మాటతోనే ఫోన్ పెట్టేశాడు.

యుద్ధం ముగిశాక నేను ఒక్కణ్ణే కువైట్‌కు తిరిగి వెళ్ళాను. కఫీల్ మా కాగితాన్ని దాచి ఉంచాడు. కోప్పడతాడనుకున్నాను. బిడ్డ ఎలా ఉందని అడిగాడు. కడపలో పుట్టింది, ఆడపిల్ల, బాగుంది అన్నాను. దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఆ తర్వాతే, "బండి ఎంత స్పీడు పోయింది?" అన్నాడు. ఇదంతా ఉత్తరంలో రాస్తే ఆమె ఒక్క వాక్యం జవాబు రాసింది: "ముందు బిడ్డనడిగినాడు, మంచోడే."

స్పీడు ఎక్కడిది. ఆ ప్రయాణంలో ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, గుంత కనిపిస్తే దిగి చేత్తో తోసుకుపోతున్నంత మెల్లగా పోయాం. మూడో రోజు మధ్యాహ్నం జోర్డాన్ సరిహద్దు చేరాం. ముందు మైళ్ళ పొడవున బండ్లు. చెట్టన్నది లేదు. సీటు కాలిపోతోందని ఆమె దిగింది. ఇంజిన్ చల్లారాలని మేస్త్రీ బానెట్ ఎత్తాడు. అంత పొడవాటి బానెట్ ఆ వరుసలో ఇంకే బండికీ లేదు. దాని నీడలో ఆమె కూర్చుంది. కాసేపటికి ముందు బస్సులోంచి ఒకామె పసిపిల్లతో వచ్చి పక్కన చేరింది. ఇంకొకామె వచ్చింది. నేను నీళ్ళ కోసం వెళ్ళి వచ్చేసరికి ఆ నీడలో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. మధ్యలో మా ఆవిడ, ఎవరో తెలియని ఒకామె భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. పొట్ట మీద చెయ్యి నెమ్మదిగా లేచి దిగుతోంది. నన్ను చూసి ఆ భుజం ఇచ్చినామె లేపవద్దని కళ్ళతోనే చెప్పింది. నేను నీళ్ళ డబ్బా పట్టుకుని ఎండలో నిలబడ్డాను.