బీడీల చాట ముందు కట్టిన పాట

పాటలన్నీ మద్రాసుల పుట్టి, రేడియోలకెల్లి మన ఇండ్లకు వస్తయని నేను నమ్మే రోజులవి. నిజామాబాదుల బోధన్ రైలెక్కిన. నా పక్కన ఒకామె దవాఖాన మందు సీసా ఒళ్లె పెట్టుకోని, కిటికీలకెల్లి చెరుకు తోటలు చూసుకుంట సన్నగ పాడుతున్నది.

"అడివిల పుట్టినవు తునికాకు, నా ఒళ్లె ఒదిగినవు తునికాకు, ఎవ్వని నోట్లె పొగవైతవే..."

పాడుతుంటే, చేతిల తునికాకు లేకున్నా, ఆమె వేళ్లు ఉత్తగనే బీడీ చుడుతున్నయి. అసుంటి పాట నేను ఏ రేడియోల వినలె.

"ఎవలు కట్టిండ్రక్కా గీ పాట?" అని అడిగిన.

"ఎవలు కడ్తరు? నేనే. బీడీల సాట ముందలేసుకోని కూసుంటే అదే వస్తది."

"గింత మంచి పాట! నీకు బిడ్డ ఉన్నదా? నేర్పినవా మరి?"

ఆమెకు దగ్గు తెర వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆగినంక చెప్పింది.

"ఉన్నది, గని నేర్పలె. పాట వట్టిన పిల్ల సాట వట్టక మానదని మా వాడకట్టుల అంటరు. గందుకే అది ఇంట్లకు రాంగనే నేను పాట ఆపుతుంటి. బడికి వొయ్యి సదువుకుంటదని నా ఆశ."

"సదువుతున్నదా?"

రైలు స్టేషన్ల ఆగింది. ఆమె సీసా పట్టుకోని మెల్లగ లేసింది.

"నాకీ దగ్గు వట్టినప్పటి సంది సాట దాని ఒళ్లెనే ఉన్నది సెల్లె. పొద్దూకేదాక సుడ్తనే ఉంటది. నోట్లె పాటొక్కటి లేదు."