కఫీల్ లేని ఊరు

కువైట్‌లో మా ఫహాహీల్ మార్కెట్లో అరటిపళ్ళ అట్టపెట్టె వాసన తగిలితే, నేనెన్నడూ చూడని ఊరొకటి గుర్తొస్తుంది. ఏడేళ్ళప్పుడు అలాంటి పెట్టె మీద ‘బోకస్ దెల్ తోరో, పనామా’ అని చదివి, అదెక్కడుందని నాన్న ప్రాణం తీశాను. నాన్న కంప్యూటర్లో ఫొటోలు చూపించాడు. ద్వీపం మీద బుల్లి ఊరు. ఒక రాష్ట్రానికి రాజధానే అయినా, ఈ చివర నుంచి ఆ చివరికి నడిచిపోవచ్చట. సముద్రంలో పాతిన కర్రల మీద రంగురంగుల చెక్క ఇళ్ళు, నీళ్ళలోకి కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న పిల్లలు.

“నాన్నా, వీళ్ళ కఫీల్ ఎవరు?”

“వాళ్ళకి కఫీల్ ఎందుకే తల్లీ? అది వాళ్ళ సొంతూరు.”

“సొంతూళ్ళోనే ఉంటే మరి సెలవులకి ఎక్కడికెళ్తారు?”

నాన్న పడీపడీ నవ్వాడు. దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డుకి పూచీ పడే కఫీల్ లేకుండా మనుషులు ఒక ఊళ్ళో ఎలా ఉంటారో నాకు మాత్రం అంతుపట్టలేదు.

పోయిన వారం నా ఇఖామా రెన్యూవల్ అయింది. ఫహాహీల్లోనే పుట్టిన నాకు ఇప్పటికీ ఒక కఫీల్ ఉన్నాడు.