తాలింపు లేని పప్పు

పెనుకొండకు అవతల మా నాలుగు చిన్న పల్లెలకు కలిపి ఒకే జిల్లా పరిషత్ హైస్కూలు. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకే. అయినా కమిటీ ఛైర్మనుగా ఈ స్కూలుకు కాంపౌండు గోడ కట్టించింది నేను, బోరు వేయించింది నేను, ఆడపిల్లలకు మరుగుదొడ్లు సాధించింది నేను. ఎవరినైనా అడగండి, చెబుతారు. అయితే ఇవన్నీ పక్కన పెట్టి, మధ్యాహ్న భోజనం వండే యశోదమ్మ గురించి రాయాలనిపించింది.

మా పల్లెల్లో పట్టుపురుగులు పెంచని ఇల్లు తక్కువ. అందరూ ఒకేసారి పిల్లపురుగులు తెచ్చుకుంటారు, అందరివీ ఒకేసారి గూడు కట్టే దశకు మాగుతాయి. మాగినవాటిని ఆ రోజే ఏరి చంద్రికల మీద, అంటే గూళ్లు కట్టే వెదురు తట్టల మీద వేయకపోతే పంట పోయినట్టే. గడచిన మార్చిలో నల్లప్ప ఇంట్లో ఆ పని సరిగ్గా పదో తరగతి లెక్కల పరీక్ష రోజే వచ్చిపడింది. భార్య అంజనమ్మ చెయ్యి విరిగి కట్టుతో ఉంది. కూలికి మనిషి దొరకడు. ఇక మిగిలింది పరీక్ష రాయాల్సిన కూతురు స్వాతే.

ముందురోజు సాయంత్రం నేనూ యశోదమ్మా వాళ్లింటికి వెళ్లాం.

"పరీక్ష మళ్లా రాసుకోవచ్చు పెద్దాయనా. పురుగు ఆగతాదా?" అన్నాడు నల్లప్ప.

"పాపను పోనీప్పా. నేనొచ్చి ఏరతా" అంది యశోదమ్మ.

"నువ్వా! పొద్దున్నే తాలింపు యేసి వస్తావు. ఆ ఘాటుకు నా పురుగులు తట్టుకోవు. షెడ్డు గడప తొక్కనీను."

"సరే, రేపు తాలింపు యేయను. ఇప్పుడేమంటావు?"

నల్లప్ప నా వైపు చూశాడు. "పిల్లోల్లకు నేను చెప్పుకుంటా. ఛైర్మన్ను నేనే కదప్పా" అన్నాను.

మరునాడు యశోదమ్మ పెందలాడే అన్నం, ఉత్త పప్పు, గుడ్లు ఉడికించి, వడ్డన తనకు వంటలో సాయం చేసే నరసమ్మకు అప్పగించింది. నేను వేయించిన బోరు దగ్గరే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని షెడ్డుకు పోయింది. స్వాతి పెనుకొండ బస్సెక్కింది.

మధ్యాహ్నం తొమ్మిదో తరగతి రోజా కంచం ముందు మూతి ముడిచింది. "ఏమవ్వా, ఇది పప్పా, పసుపునీళ్లా?"

"ఆడ మీ స్వాతక్క లెక్కలు రాస్తాండాది. నువ్వు ఈడ పప్పు తినలేవా?" అంది నరసమ్మ.

నేనూ బంతిలో కూర్చున్నాను. చప్పగానే ఉంది. అయినా మారు వడ్డించుకున్నాను. నన్ను చూసి పిల్లలూ తిన్నారు.

స్వాతి తిరిగొచ్చేసరికి యశోదమ్మ ఇంకా ఏరుతూనే ఉంది.

"ఎట్ల రాసినావు పాపా?"

"ఒక లెక్క పోయిందక్కా."

"ఈడ నాలుగు పురుగులు పోయినాయిలే. మీ నాయనకు చెప్పొద్దు."

"ఇనబడింది" అన్నాడు అవతల నుంచి నల్లప్ప. ఆ రోజు అతను నవ్వడం అదే మొదలు.

ఏప్రిల్‌లో ఫలితాలొచ్చాయి. స్వాతికి లెక్కల్లో తొంభై దాటాయి. ఇప్పుడు హిందూపురంలో పాలిటెక్నిక్ చదువుతోంది. ఫలితాలొచ్చిన రోజు హెడ్మాస్టరు విజయ్ కుమార్, నేను ఆఫీసులో స్వీట్ల డబ్బాతో కూర్చుని ఉంటే, ఆ పిల్ల మమ్మల్ని దాటుకుని నేరుగా వంటగదికి పరుగెత్తింది. కాసేపటికి యశోదమ్మ ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పప్పుకు తాలింపు పెట్టింది చూడండి, మా ఇద్దరికీ ఒకటే తుమ్ములు. ఆ ఘాటు నేను కట్టించిన గోడ కూడా దాటిపోయింది. నల్లప్ప షెడ్డులో అప్పటికి పురుగుల్లేవు కాబట్టి సరిపోయింది.