గిర్రున తిరిగే పుట్టి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. తుంగభద్రలో జనాన్ని పుట్టిలో, అంటే గుండ్రటి వెదురు పడవలో, దాటించే ఇల్లట వాళ్లది. పాత పుట్టి చిల్లుపడితే, ఇంకొకటి కొనడానికి పోతోంది.

"రెండు అమ్మకానికుండాయి పాపా. రెండూ పాతవే, ఒగే సైజు. ఒగటి సక్కగా పోతాది, ఇంగోటి గిర్రున తిరుగుతాది. మా ఆయప్పకు సక్కగా పోయేదే కావాలంట."

"మరి నీకు?"

ఆమె మూట విప్పి, జొన్నరొట్టెను అరచేతిలో పెట్టి గిర్రున తిప్పింది. "తిరిగేదే! ఏటి నడుమ కూసున్నకాడే నాలుగు దిక్కులూ సూడొచ్చు గదా!"

ముందు సీటువాళ్లు కూడా నవ్వారు.

"మీ ఆయన ఒప్పుకుంటాడా?"

ఆమె రెండో రొట్టె తీసింది. "ఇదో, ఇది ఆయప్ప పుట్టి" అని కసుక్కున కొరికింది. తిరిగే పుట్టిని నా చేతిలో పెట్టింది.

ఇప్పటికీ జొన్నరొట్టెను తినే ముందు పళ్లెంలో ఒకసారి తిప్పుతాను.